తల్లుల రక్షకుడు: సెమ్మెల్‌వైస్ వైద్యుని జీవితము

ధనము లేని ఆసుపత్రిలో రోగులు మరణించుట సహజమనియు, అందుకు ఎవ్వరిని నిందింప బనిలేదనియు ఒక అభిప్రాయము లోకమున ప్రబలియున్నది. యంత్రములు లేవు, మందులు చాలవు, మంచములు చాలవు, నర్సులు చాలరు. ఇక మేమేమి చేయగలమని అధికారులు చేతులు ముడుచుకొందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని పూర్ణసత్యము మాత్రము లేదు. ధనముతో నంతగా పనిలేని కొన్ని సాధనములు ప్రతి ఆసుపత్రికిని అందుబాటులోనే యున్నవనియు, వానిని వాడకపోవుట దారిద్ర్యముచేత గాక అశ్రద్ధచేతను, అహంకారముచేతను జరుగుచున్నదనియు పందొమ్మిదవ శతాబ్దమున ఒక వైద్యుడు లెక్కలతో నిరూపించెను. ఆ నిరూపణకై అతడు పదవిని గోల్పోయెను, మనశ్శాంతిని గోల్పోయెను. అతడు హంగరీ దేశీయుడగు ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్‌వైస్. ఆ మహాశయుని చరిత్రమును మా పాఠకులకు నివేదించుట మా విధిగా భావించుచున్నాము.

అతడు జీవితకాలము పోరాడిన శత్రువు నేటికిని నశింపలేదు. గాయముద్వారా గాని, పురుటిద్వారా గాని, ఊపిరితిత్తులద్వారా గాని సూక్ష్మక్రిములు దేహమున జొచ్చినప్పుడు, వానిని ఎదిరింపబూనిన దేహమే అదుపుతప్పి తన యవయవములను తానే చెరచుకొనుట కలదు. అప్పుడు జ్వరము హెచ్చును, లేదా దేహము చల్లబడును, ఊపిరి వడిగా వచ్చును, రక్తపుపోటు పడిపోవును, మూత్రము తగ్గిపోవును, స్మృతి తప్పును. దీనినే వైద్యులు సెప్సిస్ అందురు. 2017వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 4 కోట్ల 89 లక్షలమంది దీని వాతబడిరనియు, 1 కోటి 10 లక్షలమంది మరణించిరనియు శాస్త్రజ్ఞులు అంచనా వేసియున్నారు. ఆ రోగులలో నూటికి సుమారు 85 మంది బీదదేశములవారును, మధ్యమస్థితిలోని దేశములవారునే. పురుడు వచ్చిన స్త్రీకి గర్భాశయమార్గమున సోకి దాపురించు ఇట్టి వ్యాధియే సూతికాజ్వరము. సెమ్మెల్‌వైస్ ఎదిరించినది దానినే.

అతడు 1818 జూలై 1వ తేదీన డాన్యూబునది యొడ్డున నున్న బుడా నగరమున జన్మించెను. నేటి బుడాపెస్టు మహానగరములో అదియొక భాగము. తండ్రి సరకుల వర్తకుడు. పదిమంది బిడ్డలలో ఇతడు ఐదవవాడు. హంగరీదేశ మానాడు ఆస్ట్రియా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. విద్యకు గాని, ఉద్యోగమునకు గాని, పేరుప్రతిష్ఠలకు గాని రాజధానియగు వియన్నావైపే యువకులు చూడవలసివచ్చెడిది. సెమ్మెల్‌వైస్ కూడ 1837లో న్యాయశాస్త్రము చదువుటకై ఆ నగరము జేరెను. కాని యచట న్యాయశాస్త్రమును విడిచి వైద్యవిద్యను చేపట్టెను. 1844లో వైద్యపట్టమును బొంది, ప్రసూతివైద్యమును తన వృత్తిగా నెన్నుకొనెను. 1846 జూలైలో వియన్నా ప్రజావైద్యశాలలోని ప్రథమ ప్రసూతిశాఖలో, జోహాన్ క్లైన్ అను ఆచార్యుని క్రింద సహాయకుడుగా ప్రవేశించెను.

ఆ వైద్యశాలను గూర్చి ఇచట కొంచెము చెప్పవలసియున్నది. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1784లో దానిని స్థాపించెను. కలవారి యిండ్ల స్త్రీలు ఇంటనే ప్రసవించెడివారు. ఆసుపత్రికి వచ్చినవారు దిక్కులేనివారు, కూలివారు, దాసీలు, పెండ్లికాకయే గర్భవతులై సంఘమునకు వెఱచి వచ్చిన అభాగినులు. వారికి వైద్యము ఉచితము. కాని యా యుచితమునకు వెల లేకపోలేదు. వారి దేహములను విద్యార్థుల శిక్షణకు ఒప్పగింపవలెను. పేదల ఆసుపత్రులలో ఈ వ్యవహారము లోకమంతట నొక్కటియే. ధర్మము పేరిట పేదకు లభించు చికిత్సలో అతని మాటకు విలువ యుండదు. అతని మరణమునకు జవాబు చెప్పువాడును ఉండడు.

ప్రసూతివిభాగము రెండు శాఖలుగా నుండెను. 1840 మొదలు ప్రథమశాఖను వైద్యవిద్యార్థులకును, ద్వితీయశాఖను మంత్రసానులకును శిక్షణకై కేటాయించిరి. గర్భిణులను దినము మార్చి దినము ఒక్కొక్క శాఖలో చేర్చుకొనుచుండిరి. రెండిటను ఒకే తరగతి స్త్రీలు. ఒకే ఊరి గాలి. ఒకే ఆసుపత్రి భోజనము. కాని ఫలితములో హస్తిమశకాంతరము కనుపట్టెను. 1841 మొదలు 1846 వరకు ఆరు సంవత్సరములలో ప్రథమశాఖయందు 20,042 పురుళ్లు జరుగగా 1,989 మంది తల్లులు మరణించిరి. ద్వితీయశాఖయందు 17,791 పురుళ్లకు 691 మంది మరణించిరి. అనగా విద్యావంతులగు వైద్యుల చేతిలో నూటికి ఇంచుమించు పదిమంది చావగా, మంత్రసానుల చేతిలో నలుగురికి లోపుగానే చచ్చిరి. ఒక్క 1842లోనే ప్రథమశాఖలో 3,287 మందికి 518 మంది ప్రాణములు గోల్పోయిరి.

ఈ సంగతి పండితులకు తెలిసినను తెలియనట్లుండిరి గాని, నగరములోని పేదస్త్రీలు మాత్రము బాగుగ నెఱుగుదురు. ప్రథమశాఖవంతు దినమున వచ్చినవారు తమ్ము అచట జేర్పవలదని మోకాళ్లపై బడి చేతులు జోడించి వేడుకొనెడివారు. దారిలో వీధిలోనే ప్రసవించి బిడ్డతో ఆసుపత్రి చేరినవారికి ఈ జ్వరము అంతగా సోకకుండుట సెమ్మెల్‌వైస్ గమనించెను. వీధిలో, చలిలో, సహాయము లేక కన్నతల్లి బ్రదుకుచుండగా, ఆచార్యుల యెదుట కన్నతల్లి చచ్చుచున్నది. దీనికి కారణమేమి? ఈ యొక్క ప్రశ్నయే అతని నిద్రాహారములను హరించెను.

పెద్దలు చెప్పు కారణములు అనేకములు. ఆకాశమునుండి, భూమినుండి వెలువడు ఏదో దుష్టప్రభావము ఊరంతట వ్యాపించి ఈ జ్వరమును గలిగించుచున్నదని కొందరనిరి. అట్లయిన అది ఒక గోడకు ఈవల హెచ్చుగాను, ఆవల తక్కువగాను ఏల యుండవలెను? రోగులు క్రిక్కిరిసి యుండుటయే కారణమని కొందరనిరి. కాని స్త్రీలందరును భయపడి ద్వితీయశాఖకే పోగోరుటచేత రద్దీ అచటనే యధికము. మరణాసన్నులకు కడసారి కర్మలు జరుపుటకై వచ్చు మతాచార్యుని గంటధ్వనికి బాలింతలు బెదరి చచ్చుచున్నారని మరికొందరనిరి. సెమ్మెల్‌వైస్ ఆ గంటను మ్రోగింపవలదని ఆచార్యుని వేడి, వేఱుదారిని రప్పించెను. మరణములు తగ్గలేదు. ద్వితీయశాఖలో ప్రక్కకు తిరిగి పరుండి ప్రసవించు వాడుక యుండగా, దానిని తన శాఖలోను ప్రవేశపెట్టెను. మరణములు తగ్గలేదు. ఒక్కొక్క కారణమును ఎత్తిపట్టి, లెక్కయను త్రాసులో తూచి, తేలినదానిని పారవైచుచు వచ్చెను.

ఈలోపల ప్రభుత్వము ఒక విచారణసంఘమును నియమించెను. ఆ పెద్దలు తేల్చినదేమనగా, విద్యార్థులు, అందును ముఖ్యముగా విదేశీయ విద్యార్థులు, స్త్రీలను మొరటుగా పరీక్షించుటయే జ్వరమునకు కారణమట! విద్యార్థుల సంఖ్యను 42 నుండి 20కి తగ్గించి, విదేశీయులను ఇంచుమించుగా వెలివేసిరి. కొన్ని మాసములు చావులు తగ్గినట్లు తోచెను. కాని 1847 ఏప్రిలులో 312 పురుళ్లకు 57 మరణములు సంభవించెను. తమ యింటిలోని దోషమును పరదేశీయునిపై మోపుట అధికారవర్గమునకు అనాదిగా వచ్చిన విద్య. దానివలన అధికారులకు నిద్ర పట్టవచ్చును గాని రోగికి ప్రాణము రాదు.

1847 మార్చిలో సెమ్మెల్‌వైస్ విశ్రాంతికై వెనిస్ నగరమునకు వెళ్లి తిరిగివచ్చునప్పటికి ఒక దుర్వార్త అతనికై వేచియుండెను. అతని మిత్రుడును, శవపరీక్షాశాస్త్రమున ఆచార్యుడునగు యాకోబ్ కొల్లెచ్కా మరణించెను. శవపరీక్ష జరుగుచుండగా విద్యార్థియొకని చేతికత్తి ఆచార్యుని వ్రేలికి గ్రుచ్చుకొనెను. విషము దేహమంతట ప్రాకి కొలదిదినములలో ప్రాణముదీసెను. దుఃఖములో మునిగియు సెమ్మెల్‌వైస్ మిత్రుని దేహపరీక్షా వివరములను శ్రద్ధగా జదివెను. చదువగా చదువగా, వందలకొలది బాలింతల దేహములలో తాను చూచిన చిహ్నములే అందును గోచరించెను. మిత్రుని చంపినదియు, ఆ తల్లులను చంపినదియు ఒక్కటే. మిత్రుని దేహములోనికి విషమును గొనిపోయినది కత్తి. తల్లుల దేహములోనికి గొనిపోయిన దెయ్యది?

సమాధానము భయంకరముగా సులభము. ప్రథమశాఖ వైద్యులును, విద్యార్థులును ఉదయమున శవములను కోసి, ఆ చేతులతోనే ప్రసూతిశాలకు వచ్చి స్త్రీలను పరీక్షించుచుండిరి. సబ్బుతో కడుగుకొన్నను శవపు వాసన చేతులను విడువదు. మంత్రసానులు శవములను ముట్టరు. అందుచేతనే వారి శాఖలో చావులు తక్కువ. వీధిలో ప్రసవించినదానిని ఎవ్వరును పరీక్షింపలేదు. అందుచేతనే యామె బ్రదికినది. పాత దస్త్రములను తిరుగవేయగా, వైద్యశాలలో శవములతో బోధన ప్రబలకమునుపు మరణములు నూటికి ఒకటి పైచిలుకు మాత్రమేయని తేలెను. శాస్త్రాభివృద్ధితోపాటు చావులును అభివృద్ధి చెందినవి. సెమ్మెల్‌వైస్ స్వయముగా శవపరీక్షలను మిక్కిలి శ్రద్ధతో జేయువాడు. కావున తన చేతులమీదుగా ఎందరు తల్లులు పోయిరో భగవంతునికే యెఱుకయని అతడు దాచక వ్రాసికొనెను. ఒక ఆవిష్కర్త తన యావిష్కరణములో మొదటి నేరస్థుడుగా తన్నే నిలువబెట్టుకొనుట చరిత్రమున అరుదు.

1847 మే నడుమ అతడు ప్రథమశాఖ ప్రవేశమున ఒక తొట్టిని పెట్టించి, క్లోరిను ద్రావణముతో చేతులు కడుగుకొననిదే ఎవ్వరును రోగిని ముట్టరాదని శాసించెను. మొదట వాడిన ద్రావణము ఖరీదైనదగుటచే, కొంతకాలమునకు దానిని మాని, చౌకయగు క్లోరినుసున్నమును వాడుకలోనికి దెచ్చెను. నేడు మన గ్రామములలో బావినీటిని శుద్ధిచేయు బ్లీచింగు పౌడరు ఈ జాతిదే. ఈ చిన్నవిషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఖరీదైన మందు కొరకు అతడు దరఖాస్తులు పంపుచు కూర్చుండలేదు. పని జరుగుటకు చాలినది ఏదియో తెలిసికొని, నిత్యము దొరకుదానిని బట్టి పని సాగించెను.

ఫలితమును అంకెలే చెప్పుచున్నవి. జూనులో 268 పురుళ్లకు 6 మరణములు; జూలైలో 250కి 3; ఆగస్టులో 264కు 5. మరుసటి సంవత్సరమగు 1848లో మొత్తము 3,556 పురుళ్లకు 45 మరణములు, అనగా నూటికి ఒకటి పైచిలుకు. ఆ యేట మార్చి, ఆగస్టు మాసములలో ఒక్క తల్లియు ఈ జ్వరమునకు బలికాలేదు. క్రొత్తభవనము కట్టలేదు, క్రొత్తమందు దిగుమతి చేయలేదు, జీతములు హెచ్చింపలేదు. ఒక తొట్టి, కొంత సున్నము, ఒక కఠిననియమము. ఇంతియే.

ఈ పనిలో అతడు మఱియొక పాఠమును నేర్చుకొనెను. 1847 అక్టోబరులో గర్భాశయపు కంతి కుళ్లి స్రవించుచున్న ఒక స్త్రీని వార్డులో మొదటి మంచముపై నుంచిరి. పరీక్ష ఆమెతో మొదలయ్యెడిది. ఆమెను ముట్టిన తరువాత తక్కినవారిని ముట్టుటకుముందు సబ్బుతో మాత్రమే కడుగుకొనిరి. ఆమె వెనుక పరీక్షింపబడిన పన్నెండుగురిలో పదునొకండుగురు మరణించిరి. విషము శవమునుండియే గాక బ్రదికియున్న రోగి వ్రణమునుండియు వ్యాపించునని దీనివలన స్పష్టమయ్యెను. అప్పటినుండి ప్రతి రోగికిని రోగికిని నడుమ చేతులు శుద్ధిచేసికొనవలెనని నియమము బిగించెను. వ్రణములు స్రవించువారిని వేఱుగదిలో నుంచెను. నేటి ఆసుపత్రులలో పాటింపవలసిన నియమము సరిగా ఇదియే.

ఇట్టివానిని వియన్నా నెత్తిన పెట్టుకొనియుండునని పాఠకులు తలంపవచ్చును. జరిగినది వేఱు. యోసెఫ్ ష్కోడా, కార్ల్ రొకితాన్స్కీ, ఫెర్డినాండ్ హెబ్రా అను మువ్వురు ప్రముఖులు అతని పక్షమున నిలిచిరి. హెబ్రా పండితుడు 1847 డిసెంబరులోను, 1848 ఏప్రిలులోను వైద్యపత్రికలో ఈ విషయమును ప్రకటించెను. కాని పై యధికారియగు క్లైన్ దీనిని సహింపలేదు. సహించుట యనగా ఇంతకాలము తన శాఖలో చచ్చినవారు తన పద్ధతివలననే చచ్చిరని యొప్పుకొనుట. వైద్యుని హస్తము అమృతహస్తమను విశ్వాసమునందు పెరిగిన తరము, ఆ హస్తమే మృత్యుహస్తమన్నచో ఎట్లు వినును? అతని సిద్ధాంతమున లోపమున్నదన్న వారిలో యోగ్యులును లేకపోలేదు. సూక్ష్మక్రిములను గూర్చి యానాడెవ్వరికిని నిశ్చయము లేదు. కాని లెక్కలను చూచియు కడుగుకొనని చేతికి ఏ సిద్ధాంతమును సమాధానము కాజాలదు.

రాజకీయవాతావరణమును అతని కనుకూలముగా లేదు. 1848లో హంగరీ ప్రజలు స్వాతంత్ర్యమునకై లేచిరి. ఆస్ట్రియా చక్రవర్తి రష్యా జారు సైన్యమును తోడుదెచ్చుకొని 1849 ఆగస్టులో ఆ యుద్యమమును అణచివైచెను. ఆ సంక్షోభము నడుమనే, 1849 మార్చిలో, సెమ్మెల్‌వైస్ ఉద్యోగకాలము ముగియగా దానిని పొడిగించుటకు నిరాకరించిరి. అతనికి జరిగిన అన్యాయమునకు జాతిభేదమే సర్వకారణమని మేము చెప్పజాలము. అతనిని బలపరచిన మువ్వురును బొహీమియా, మొరావియా ప్రాంతములనుండి వచ్చినవారే. ఐనను రాజధానిలో వారికి గౌరవస్థానములు లభించినవి. అసలు కారణము అధికారమును ప్రశ్నించుట. కాని యణచబడిన దేశమునుండి వచ్చినవాని ప్రశ్న, అధికారమునకు ఎప్పుడును మఱింత కటువుగా వినబడును.

అతని మాటను మనఃపూర్వకముగా నమ్మిన ఒక సజ్జనుని కథ మిక్కిలి విషాదకరము. జర్మనుదేశమున కీల్ నగరమున గుస్తావ్ మిఖాయేలిస్ అను ప్రసూతివైద్యుడుండెను. వియన్నా వార్త విని తన ఆసుపత్రిలో క్లోరినుతో చేతులు కడుగుట మొదలిడెను, చావులు తగ్గెను. తగ్గినకొలది అతనికి హృదయవేదన హెచ్చెను. అంతకుముందు తాను స్వయముగా పురుడుపోసిన తన జ్ఞాతిసోదరి ఈ జ్వరముతోనే మరణించియుండెను. ఆ మరణము తన చేతివలననే కలిగినదను చింత భరింపలేక 1848 ఆగస్టులో రైలుక్రింద బడి ప్రాణము విడిచెను. నమ్మినవాడు ఇట్లు కుమిలిపోయెను. నమ్మనివారు సుఖముగా నిద్రించిరి.

1850 అక్టోబరులో సెమ్మెల్‌వైస్‌కు బోధించుటకు అనుమతి లభించెను గాని, తోలుబొమ్మలతో మాత్రమే బోధింపవలెనని నిబంధన విధించిరి. ఆ యవమానమును సహింపలేక, మిత్రులకైన జెప్పక, అతడు వియన్నాను విడిచి స్వదేశము జేరెను. పెస్టు నగరములోని సెయింట్ రోకస్ ఆసుపత్రిని అతడు మొదట దర్శించినప్పుడు, ప్రసూతివార్డులో ఒకతె అప్పుడే మరణించియుండెను. ఒకతె కొనయూపిరితో నుండెను. నలుగురు తీవ్రజ్వరముతో నుండిరి. 1851లో అతడు ఆ వార్డు బాధ్యతను జీతములేకుండ స్వీకరించెను. చక్రవర్తుల వైద్యశాలకున్న వైభవము దీనికి లేదు. ఐనను ఆరు సంవత్సరములలో అచట జరిగిన 933 పురుళ్లకు సూతికాజ్వరముచే మరణించినవారు 8 మంది మాత్రమే. బీద ఆసుపత్రియు బ్రదికింపగలదనుటకు ఇంతకుమించిన సాక్ష్యమేమి కావలెను?

1855లో పెస్టు విశ్వవిద్యాలయమున ప్రసూతివైద్యాచార్యుడయ్యెను. అచటి ప్రసూతిశాల గదులు ఇరుకు, పరికరములు కొరత. చేతులు శుభ్రమైనను ఒకప్పుడు జ్వరము మరల తలయెత్తగా, అతడు కారణమును వెదకి పట్టుకొనెను: సరిగా నుతుకని, వెనుకటి రోగి మలినములు పోని దుప్పట్లను క్రొత్త రోగులకు పరచుచుండిరి. శుభ్రమైన బట్టలకై అతడు అధికారులతో పోరు సాగించెను. బట్టలుతికించుటలో మిగిల్చిన కాసులు తల్లుల ప్రాణములతో చెల్లింపబడునని లెక్కలు వ్రాయు గుమాస్తాకు తోచదు, వైద్యుడే తెలియజెప్పవలెను. 1857లో స్విట్జర్లాండులోని జూరిచ్ విశ్వవిద్యాలయము అతని నాహ్వానించెను. అతడు స్వదేశమును విడువనొల్లక నిరాకరించెను. ఆ యేటనే వివాహమాడెను. 1858లో తన సిద్ధాంతమును మొదటిసారి తానుగా వివరముగ వ్రాసి ప్రకటించినది హంగేరియను భాషయందే.

అతని దోషములను గూడ చెప్పుట చరిత్రకారుని ధర్మము. కనుగొన్న సత్యమును పదునాలుగేండ్లవరకు గ్రంథరూపమున వెలువరింపలేదు. 1861వ సంవత్సరపు ముద్రతో జర్మనుభాషలో వెలువడిన మహాగ్రంథము చర్వితచర్వణముతోను, వివాదములతోను నిండియున్నది. దానినైనను పండితులు పెడచెవిని బెట్టగా, అతడు బహిరంగలేఖలు వ్రాసి తన మాట వినని ఆచార్యులను హంతకులని దూషించెను. ప్రతి దినము తల్లులు చచ్చుచుండుట కన్నులార చూచువానికి ఆ మాట సహజమే; కాని తిట్టుపడినవాని చెవి మఱింత మూసికొనును. అతనికి సత్యము లభించినది, దానిని ఇతరులచే ఒప్పించు నేర్పు లభింపలేదు. అంతకుముందే 1795లో స్కాట్లండులోని ఆబర్డీనున అలెగ్జాండరు గోర్డనును, 1843లో అమెరికాలోని బోస్టనున ఆలివర్ వెండెల్ హోమ్సును ఈ జ్వరము వైద్యులద్వారా ప్రాకునని హెచ్చరించి నిందలపాలైరి. సత్యమునకు మొదటి సన్మానము సాధారణముగా ఇట్టిదే.

1865 నాటికి అతని ప్రవర్తనలో వికారము గానవచ్చెను. జూలై చివర, వైద్యశాలను చూపించెదమను నెపమున వియన్నాకు గొనిపోయి పిచ్చియాసుపత్రిలో నుంచిరి. ఆ పనిలో పూర్వమిత్రుడగు హెబ్రాయే పాల్గొనవలసివచ్చెను. బయటపడబోగా సేవకులు అతనిని కొట్టి బంధించిరని తరువాత వెలువడిన పత్రములవలన తెలియుచున్నది. కుడిచేతి గాయము కుళ్లి, విషము రక్తమున వ్యాపించి, రెండు వారములలో, ఆగస్టు 13వ తేదీన, తన 47వ యేట అతడు కన్నుమూసెను. ఏ వ్యాధినుండి వేలకొలది తల్లులను రక్షించెనో ఆ వ్యాధియే అతనిని గొనిపోయెను. అంతకు ఒక్క దినము ముందు, ఆగస్టు 12వ తేదీన, గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టర్ అను శస్త్రవైద్యుడు, బండిచక్రము క్రింద బడి కాలువిరిగిన ఒక బాలుని గాయమునకు కార్బాలికామ్లపు కట్టు కట్టుచుండెను. ఒకరి దీపము ఆరుచుండగా మఱియొకరి దీపము వెలిగినది, ఒకరినొకరు ఎఱుగరు.

1879లో పాశ్చర్ పండితుడు సూతికాజ్వరమునకు మూలమగు క్రిమిని చూపెను. అప్పటికి గాని లోకము తల వంచలేదు. 1891లో అతని యస్థికలను బుడాపెస్టునకు దెచ్చిరి. 1969లో అచటి వైద్యవిశ్వవిద్యాలయమునకు అతని పేరిడిరి. ఆతరువాత మందులు వచ్చినవి. 1935 మొదలు సల్ఫా మందులు, వెనువెంట పెన్సిలిన్ బాలింతల పాలిట సంజీవనులైనవి. 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్ అను మందు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున నడచిన పరిశోధనాలయమునుండి వెలువడినదని తెలుగువారు గర్వింపవచ్చును. కాని మందులను విచ్చలవిడిగ వాడినందున క్రిములు వానికి లొంగకుండ నేర్చుచున్నవి. మందు ఓడినచోట మిగులునది మరల ఆ తొట్టియే.

ఈ చరిత్రమునుండి బీద ఆసుపత్రులు గ్రహింపవలసినవి రెండు. మొదటిది శుభ్రమైన చేయి. సారాయిసత్తు, గ్లిసరిను, హైడ్రజను పెరాక్సైడు, కాచి చల్లార్చిన నీరు కలిపి చేతిశుద్ధి ద్రవమును ఆసుపత్రిలోనే తయారుచేసికొను విధానమును ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములలో చేర్చినది. కొళాయిలో నీరు రాని వార్డునకు సైతము ఇది అందును.

రెండవది నిజమైన లెక్క. ధనికదేశముల పద్ధతి పరమప్రమాణమని కండ్లుమూసికొని యనుసరింపరాదు. తీవ్రజ్వరముతో రక్తప్రసరణము క్షీణించిన పిల్లలకు నరమున వడిగా నీరెక్కించుట మంచిదని లోకమంతట నమ్మిరి. యుగాండా, కెన్యా, టాంజానియా దేశముల ఆసుపత్రులలో 3,141 మంది పిల్లలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితము దానిని తారుమారు చేసినది. అట్లు నీరెక్కించినవారిలో రెండుదినములలో నూటికి పదిమందికి పైగా మరణింపగా, ఎక్కింపనివారిలో ఏడుగురికి పైగా మాత్రమే మరణించిరి. ఆఫ్రికాలోని సామాన్య ఆసుపత్రుల లెక్క లోకమునకు బుద్ధి గఱపినది. ఊపిరిని, నాడిని, రక్తపుపోటును, మూత్రమును గంటగంటకు చూచి వ్రాయు నర్సు, ఆ వ్రాతను చదివి ఆలస్యము చేయక తగిన మందునిచ్చు వైద్యుడు, నెలకొకసారి మరణములను లెక్కించి కారణము వెదకు అధికారి: ఈ మువ్వురున్నచోట ఖరీదైన యంత్రము లేకున్నను అనేకప్రాణములు నిలుచును.

యంత్రములు వలదని మేమనుట లేదు. ప్రాణవాయువు, మందులు, రక్తము, చాలినంతమంది నర్సులు ప్రజలకు ప్రభుత్వము చెల్లింపవలసిన ఋణము. దానిని అడుగుట ప్రజల హక్కు. కాని యా ఋణము తీరువరకు చేతులు కడుగుకొనక వేచియుండు హక్కు ఎవ్వరికిని లేదు. పేదతల్లి ఆసుపత్రి గడప ద్రొక్కునప్పుడు తన ప్రాణమును మన చేతులలో పెట్టుచున్నది. ఆ చేతులు శుభ్రముగా నున్నవా అని ప్రశ్నించుటకు ఆమెకు ధైర్యము చాలదు. ఆమె తరపున ప్రశ్నించినవాడు సెమ్మెల్‌వైస్. నేడు ఆ ప్రశ్న ప్రతి పౌరుడును తన యూరి ఆసుపత్రి వాకిట నిలిచి అడుగవలసినది. అచట నీళ్లున్నవా? సబ్బున్నదా? గడచిన నెలలో ఎందరు తల్లులు పురుటిలో మరణించిరో వ్రాసిన పుస్తకమున్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగల ఆసుపత్రి యెంత చిన్నదైనను గౌరవింపదగినది; చెప్పలేనిది ఎంత పెద్దదైనను విచారణకు పాత్రమైనది.